ఆపరేషన్ అయిన రాత్రి నుంచి నాయన మతి తప్పి మాట్లాడుతున్నాడు... మానసిక డాక్టర్‌కు చూపించాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా నాయనకు 74 ఏళ్లు. బాయి కాడ జారిపడితే తుంటి ఎముక విరిగింది. నల్లగొండలో ఆపరేషన్ చేయించినం. ఆ రాత్రి నుంచి మమ్మల్ని గుర్తుపట్టడం లేదు. గోడ మీద పాములున్నయంటడు, ఎడ్లను విడవాలని మంచం దిగబోతడు, సెలైన్ పీకేస్తడు. చేతులు వణుకుతున్నయి. పగటిపూట కొంచెం నయం. ఎముకల డాక్టర్ మానసిక డాక్టర్‌ను పిలుస్తానన్నారు. ‘ఒక్కసారి పిచ్చి అని రాస్తే జన్మంతా ఆ మందులే, ఎర్రగడ్డకు పంపుతరు’ అని చుట్టాలు భయపెడుతున్నరు. నాయనకు మందు అలవాటు లేదు, సాయంత్రం కల్లు తాగుతడు, అంతే. ఒప్పుకోవాలా?
– ఓ పాఠకుడు, నల్లగొండ జిల్లా

డాక్టర్ సలహా: ఒప్పుకోండి. రేపటిదాకా ఆగకండి, ఈ రోజే చూపించండి.

మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది డెలిరియం కావచ్చు. ఒంట్లో వచ్చిన తేడా వల్ల మెదడు తాత్కాలికంగా అదుపు తప్పడమే ఇది. గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో మొదలవుతుంది. పగలు తగ్గినట్టు ఉండి చీకటి పడగానే పెరుగుతుంది. తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్లలో చాలా తరచుగా చూస్తాం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నిమ్ము, సోడియం తగ్గడం, ఒంట్లో నీరు తగ్గడం, తగ్గని నొప్పి, మూత్రం బిగబట్టుకుపోవడం, ఆఖరికి నాలుగు రోజుల మలబద్ధకం కూడా దీనికి కారణం కావచ్చు. కొన్ని అలర్జీ మందులు, నిద్రమాత్రలు కూడా పెద్ద వయసులో ఇలా చేస్తాయి.

కానీ మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది చివర్లో ‘అంతే’ అని తేల్చేసిన కల్లు సంగతి. దుకాణంలో అమ్మే కల్లంతా చెట్టు కల్లు కాదు. ఆల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు మన తెలంగాణలో ఎన్నోసార్లు పట్టుబడింది. మొదటి రెండూ నిద్రకు, ఆందోళనకు వాడే మందులు. ఏళ్ల తరబడి రోజూ అది తాగిన మనిషికి ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి కల్లు ఒక్కసారిగా బంద్ అవుతుంది. రెండు మూడు రోజుల్లో వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, లేనివి కనిపించడం మొదలవుతాయి. కొందరికి ఫిట్స్ వస్తాయి. ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఆసుపత్రులకు కల్లు దొరకని రోజుల్లో ఇలాంటి వాళ్లు గుంపులుగా వచ్చిన సందర్భాలున్నాయి.

వైద్యం చేసే డాక్టర్‌కు ఈ సంగతి తెలియడం చాలా ముఖ్యం. ఎందుకంటే మామూలు డెలిరియంలో నిద్రమాత్రల జాతి మందులు ఇస్తే మతి ఇంకా తప్పుతుంది. అదే కల్లు ఆగడం వల్ల వచ్చిందైతే సరిగ్గా ఆ జాతి మందే లెక్క ప్రకారం ఇచ్చి, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ‘తాగుడు అలవాటు ఉందా’ అని అడిగితే మన ఇళ్లలో చాలామంది లేదనే అంటారు, కల్లును అందులో లెక్కేయరు. మీరు ఇప్పుడే వెళ్లి రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా, చివరిసారి ఏ రోజు తాగారో డ్యూటీ డాక్టర్‌కు చెప్పండి. ఇంట్లో వేసుకునే బీపీ, షుగర్, నిద్ర మాత్రల చీటీలు కూడా చూపించండి. జాలిపడి సీసాలో కల్లు తెచ్చి తాగించకండి.

సైకియాట్రిస్ట్ వచ్చి ఏం చేస్తారంటే, ముందు మంచం దగ్గర కూర్చుని మాట్లాడతారు. ఇది ఏ ఊరు, ఏ వారం అని అడుగుతారు, నెలల పేర్లు వెనక నుంచి చెప్పమంటారు. కేస్ షీట్, రక్తపరీక్షలు చూసి ఏ మందు ఆపాలో, ఏది ఎంత ఇవ్వాలో రాస్తారు. మీ నాన్నగారు ఎముకల వార్డులోనే ఉంటారు, ఎర్రగడ్డ మాటే రాదు. నల్లగొండలో 2019లో, మహబూబ్‌నగర్‌లో 2016లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటికి అనుబంధంగా ఉన్న జనరల్ ఆసుపత్రిలో గుండె డాక్టర్‌ను పిలిచినట్టే మానసిక డాక్టర్‌నూ పిలుస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆ వివరాలు గోప్యంగా ఉంచాలి. మందులు కూడా జన్మంతా కాదు, చాలామందికి కొద్ది రోజులు, వారాలే.

మీ నాన్నగారు కేకలు వేస్తున్నారు కాబట్టి అందరి కంట్లో పడ్డారు. గోడవైపు తిరిగి పడుకుని, పిలిస్తే పలకక, ముద్ద ముట్టని పెద్దవాళ్లను ‘నీరసం’ అని వదిలేస్తున్నారు. అది సద్దుమణిగిన రకం డెలిరియం కావచ్చు, డిప్రెషన్ కావచ్చు. రెండింటికీ వైద్యం వేరు. వాళ్లను కూడా చూపించాలి.

ఈలోగా మీ చేతుల్లో ఉన్న పనులు చాలా ఉన్నాయి. అద్దాలు, కట్టుడు పళ్లు, చెవి మిషన్ ఉంటే తెచ్చి పెట్టండి. బాగా తెలిసిన ఒక్కరే పక్కన ఉండండి, చుట్టాల గుంపు వద్దు. ‘నాయనా, నేను నీ కొడుకును, ఇది నల్లగొండ దవాఖాన, కాలుకు ఆపరేషన్ అయింది’ అని మెల్లగా ఎన్నిసార్లయినా చెప్పండి. పాములు లేవని వాదించకండి, ‘నేనున్నా కదా’ అనండి. పగలు కిటికీ తెరిచి వెలుతురు రానివ్వండి, రాత్రి సెల్‌ఫోన్ మోతలు ఆపండి. చేతులు కట్టేస్తే భయం ఇంకా పెరుగుతుంది. డాక్టర్ సరేనన్నాక త్వరగా లేపి కూర్చోబెట్టడం, నడిపించడం చాలా మేలు చేస్తుంది.

డిశ్చార్జ్ రోజున ఏ మాత్ర ఎన్నాళ్లు వాడాలో, ఎప్పుడు తగ్గించాలో చీటీ మీద రాయించుకోండి. మెడికల్ షాపులో అదే చీటీతో మళ్లీ మళ్లీ కొనొద్దు. రెండు నెలలు దాటినా మరపు తగ్గకపోతే మానసిక విభాగంలోనే జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి. ఇంటికెళ్లాక సందేహం వస్తే టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా మాత్రం నేరుగా 108కి చేయండి.