అన్నీ కలిపి ఒకేసారి మింగొచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 66 ఏళ్లు. చాలాకాలంగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్, థైరాయిడ్‌కి ఒక మాత్ర వాడుతున్నాను. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి వచ్చినప్పుడల్లా సీసాలు తెస్తాడు. కాల్షియం-డి, మల్టీవిటమిన్, చేపనూనె, కొత్తగా అశ్వగంధ. మర్చిపోతానని అన్నీ పొద్దున్నే కాఫీతో మింగేస్తున్నాను. అయినా నీరసం తగ్గలేదు, అరికాళ్లు తిమ్మిర్లు. ఇంకేమైనా కలపాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కలపడం తర్వాత సంగతమ్మా, ముందు విడదీద్దాం. థైరాయిడ్ మాత్ర, కాల్షియం పేగులో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదు. మీ నీరసానికి అదీ ఒక కారణం కావచ్చు. లేవగానే ఆ మాత్ర ఒక్కటే మంచినీళ్లతో వేసుకోండి, కాఫీకి గంట ఆగండి. కాల్షియం మధ్యాహ్నం భోజనంతో, మల్టీవిటమిన్ రాత్రి భోజనంతో. ఇన్నాళ్లూ పట్టని మాత్ర ఇక పడుతుంది కాబట్టి డోసు తగ్గించాల్సి రావచ్చు. 6 వారాలకు థైరాయిడ్ పనితీరు చూపే రక్తపరీక్ష, టీఎస్‌హెచ్ చేయించండి. పరీక్షకు రెండ్రోజుల ముందు మల్టీవిటమిన్ ఆపండి, అందులో బయోటిన్ అనే బి విటమిన్ ఉంటే రిపోర్టు తప్పుగా రావచ్చు.

తిమ్మిర్లకి షుగరే కారణం కావచ్చు. కానీ మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గొచ్చు. ఆ పరీక్ష చేయించకుండా కొత్త సీసా కొనకండి.

అశ్వగంధ ఆపేయండి. మన పెరటి మొక్కే కదా అంటారు గానీ, అది థైరాయిడ్ హార్మోన్‌ని పెంచొచ్చు, అరుదుగా కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. చేపనూనెతో పెద్ద గొడవ లేదు, రక్తం పలచబడే మందులు వాడుతుంటే తప్ప.

నాకు భయమల్లా విటమిన్ డి గురించే. కాల్షియం-డి, మల్టీవిటమిన్ రెండు సీసాల్లోనూ అది ఉంటుంది. దానిమీద ఇక్కడెవరైనా 60,000 యూనిట్ల గుళిక రాస్తే లెక్క తప్పుతుంది. మా మేనత్త వారానికొకటి వేసుకోమన్నదాన్ని రెండు నెలలు రోజూ వేసుకుంది. దాహం, మలబద్ధకం, మతిమరుపు. వయసు మీద పడిందనుకున్నాం, డాక్టర్నై ఉండి నేనూ అదే అనుకున్నాను. రక్తం పరీక్షిస్తే, ఆ విటమిన్ డి ఎక్కువై కాల్షియం మితిమీరి ఉంది.

మీ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు సీసాలన్నీ సంచిలో వేసుకెళ్లండి. పేర్లు చెబితే చాలదు, వెనక ఉన్న చిన్నక్షరాలు ఆయన చదవాలి.