గ్లూకోజ్ ప్లేట్ల మీద మొలకలు ఊదారంగులో ఆగిపోతే

6 శాతం గ్లూకోజ్ కలిపిన అగర్ (జెల్లీలాంటి మీడియం) మీద అరబిడాప్సిస్ (ప్రయోగశాలల్లో వాడే చిన్న మొక్క) మొలకెత్తాక బీజదళాలు విచ్చుకోక, పచ్చబడక ఊదారంగులో ఉండిపోయాయని, విత్తనాలు పాడయ్యాయేమోనని అడిగారు. విత్తనాల తప్పు కాదండీ. లీటరుకు 60 గ్రాములంటే దాదాపు 333 మిల్లీమోలార్. అంత గ్లూకోజ్‌ను హెక్సోకైనేజ్-1 అనే ఎంజైమ్ పసిగట్టి కిరణజన్య సంయోగక్రియ జన్యువులను అణిచేస్తుంది, ఎదుగుదలను ఆపే హార్మోన్ అబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది, మొలక అక్కడే నిలిచిపోతుంది. ఊదారంగు ఆంథోసయనిన్ అనే వర్ణకానిది. ముచ్చటేమిటంటే, ఎంజైమ్‌గా పనిచేసే శక్తి పోయిన హెక్సోకైనేజ్ కూడా ఈ సంకేతం పంపగలదు!

ముందు పోలిక కోసం కంట్రోల్ పెట్టండి: అదే 333 మిల్లీమోలార్ మానిటాల్ (గ్లూకోజ్ సంకేతం ఇవ్వని చక్కెర ఆల్కహాల్), లీటరుకు 60.7 గ్రాములు. అందులో మొలకలు చిన్నవైనా పచ్చబడితే, మీరు చూసింది వట్టి ఆస్మాటిక్ ఒత్తిడి (ద్రావణం చిక్కనై మొలకకు నీరందకపోవడం) కాదు, గ్లూకోజ్ సంకేతమే. జిన్2-1 మ్యూటెంట్ (హెక్సోకైనేజ్-1 లోపించిన అరబిడాప్సిస్) దొరికితే పక్కనే వేయండి, అది 6 శాతంలోనూ పచ్చబడుతుంది. అది లాండ్స్‌బర్గ్ అనే అరబిడాప్సిస్ రకం నుంచి వచ్చింది కనుక, పోలికకు ఆ రకాన్నే వాడాలి. కొలంబియా అనే మరో రకంతో పోల్చితే లెక్క తప్పుతుంది.

గ్లూకోజ్‌ను మీడియంతో కలిపి ఆటోక్లేవ్ చేయకండి, గోధుమరంగుకు తిరుగుతుంది. విడిగా 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడగట్టి, 55 డిగ్రీలకు చల్లారాక కలపండి. మొక్కలు పెంచడమే మీ పనైతే సగం బలం ఎంఎస్ (మురాషిగే-స్కూగ్) మీడియంలో 1 శాతం సుక్రోజ్ చాలు.