మీరడిగారు: డువాలియేల తర్వాత హైతీ

ప్రశ్న: హైతీలో డువాలియే తండ్రీకొడుకుల పాలన 1986లోనే ముగిసింది కదా. ఈనాటి సాయుధ ముఠాలకు కూడా వాళ్లనే తప్పుపట్టడం సబబేనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మొత్తం నెపం వాళ్ల మీద వేయలేం. హైతీ స్వాతంత్ర్యాన్ని గుర్తించినందుకు 1825లో ఫ్రాన్స్ మోపిన 15 కోట్ల ఫ్రాంకుల పరిహారం, 1915–34 నాటి అమెరికా ఆక్రమణ అప్పటికే దేశాన్ని గుల్లచేశాయి. కానీ జీతం లేని తుపాకీని ఊరి మీదికి వదిలే పద్ధతిని స్థిరపరిచింది మాత్రం డువాలియేలే.

1957లో గెలిచిన డాక్టర్ ఫ్రాన్సువా డువాలియేకి సైన్యం మీద నమ్మకం లేదు. మరుసటి ఏడాది తిరుగుబాటు కుట్ర ఒకటి విఫలమయ్యాక సొంత దళాన్ని పెంచాడు. జనం పెట్టిన పేరు టోంటోన్ మకూట్. అల్లరి పిల్లల్ని సంచిలో వేసుకుపోయే మామ అన్నమాట, మన బూచాడికి అన్న. వీళ్లలో చాలామందికి జీతం లేదు, బలవంతపు వసూళ్లే బతుకుతెరువు. సంఖ్యలో సైన్యాన్నే మించిపోయారు. 1986 ఫిబ్రవరి 7న కొడుకు ఝాన్ క్లోద్ ఫ్రాన్స్‌కు పారిపోయాక దళం రద్దయింది గానీ మనుషులూ తుపాకులూ మిగిలారు. 1987 నవంబరు 29న ఓటెయ్యడానికి వచ్చినవాళ్లనే కాల్చిచంపారు, ఎన్నిక ఆగిపోయింది. తర్వాతి నేతలు కూడా పేటల్లో సాయుధుల్ని చేరదీశారు.

ఇంకో సంగతి అంతగా ఎవరూ పట్టించుకోరు. తండ్రి 1964లో జీవితకాల అధ్యక్షుడయ్యాడు, 1971లో వయోపరిమితి తగ్గించి 19 ఏళ్ల కొడుక్కి పీఠం అప్పగించాడు. ఆ భయంతోనే 1987 రాజ్యాంగం వరుసగా రెండోసారి అధ్యక్షుడు కాకుండా అడ్డుకట్ట వేసి, ప్రధానికి పార్లమెంటు ఆమోదం తప్పనిసరి చేసింది. (ప్రమాణ స్వీకారానికి ఎంచుకున్న తేదీ కూడా ఫిబ్రవరి 7.) మందు మంచిదే, మోతాదు ఎక్కువైంది. పార్లమెంటు బిగుసుకుంటే ప్రభుత్వం ఏర్పడదు, ఎన్నికలు వాయిదాపడితే పార్లమెంటే ఉండదు. 2015, 2020 జనవరుల్లో జరిగింది ఇదే. అధ్యక్షులు డిక్రీలతో, అంటే సొంత ఉత్తర్వులతో, నెట్టుకొచ్చారు.

ప్రశ్న: దోచిన సొమ్ము వెనక్కి వచ్చిందా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: దోపిడీకి ఒక దారి, పొగాకు, అగ్గిపెట్టెల ప్రభుత్వ గుత్త సంస్థ. దాని రాబడి బడ్జెట్ లెక్కల్లోకి వచ్చేదే కాదు. లెక్కే లేనప్పుడు దొంగతనాన్ని కోర్టులో రుజువు చెయ్యడం ఎలా? స్విట్జర్లాండులో స్తంభింపజేసింది సుమారు 60 లక్షల డాలర్లు. కాలదోషం పట్టిందని 2010లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కుటుంబానికే ఇమ్మంది. స్విస్ ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చి, సొమ్ము న్యాయార్జితమని నిరూపించే భారాన్ని వాళ్ల మీదే పెట్టింది. అది 2011 ఫిబ్రవరి 1 నుంచి అమలు. అంతకు రెండు వారాల ముందే ఝాన్ క్లోద్ హఠాత్తుగా హైతీలో దిగాడు! 2014 ఫిబ్రవరిలో అతని మీది కేసులో హైతీ అప్పీలు కోర్టు మానవత్వంపై నేరాలకు కాలదోషం వర్తించదని తేల్చింది. అక్టోబరు 4న అతను చనిపోయాడు, శిక్ష పడకుండానే.