కొట్లో కెమెరాలు పెట్టించే ముందు

ఒరే అబ్బాయ్,

బరంపురం కొట్లో ఎనిమిది కెమెరాలు, వేలిముద్రల మిషను, సరుకు పట్టుకెళ్లే కుర్రాళ్లు ఎక్కడున్నారో చూపించే యాప్, అన్నీ ఒకేసారి పెట్టించేస్తున్నావని మీ నాన్న చెప్పాడు. బట్టల కొట్లలో ఇన్నేళ్లు లెక్కలు చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నా, కోపం తెచ్చుకోకు.

ముందు ఏ నష్టం ఆపాలో తేల్చుకో. డబ్బు తేడా వస్తోందంటే గల్లాపెట్టె మీద, పట్టుచీరల బీరువా మీద, గుమ్మం దగ్గర కెమెరాలు చాలు. నాకు తెలిసినంతలో కొట్లో దొంగతనం బయటపడేది రాత్రిపూట స్టాకునీ బిల్లుల్నీ సరిచూస్తేనే తప్ప గంటలకొద్దీ వీడియో చూస్తే కాదు. పనివాళ్లు అన్నం తినేచోట వద్దు. ట్రయల్ రూమ్‌లో పెడితే నేరుగా పోలీసు కేసే. కెమెరాకి మైకుంటే ఆపించెయ్, వాళ్లు నిన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ.

యాప్ కుర్రాళ్ల సొంత ఫోన్లలో వేయించకు. ఇచ్ఛాపురం, ఛత్రపురం లైన్లు తిరిగేవాళ్లకి కొట్టు ఫోను ఇస్తే డ్యూటీ దిగాక అక్కడే పెట్టి వెళ్తారు, ఆదివారం వాడు ఏ డాక్టరు దగ్గరకెళ్లాడో నీకెందుకు? వేలిముద్రలు కూడా వద్దంటాను. పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకుంటాం, వేలు మార్చలేం కదా. పదిమందికి రిజిస్టరు చాలదా?

2023 డేటా రక్షణ చట్టంలో ఉద్యోగ అవసరాలకీ, యజమానికి నష్టం రాకుండా చూసుకోడానికీ పనివాళ్ల వివరాలు వాళ్ల అనుమతి లేకుండా వాడుకునే వెసులుబాటు ఉంది, నిజమే. అలాగని పనివాళ్ల బతుకంతా నీ చేతిలో పెట్టలేదు. సెలవు పెట్టినవాళ్ల ఇంటి సంగతులు నోటుబుక్కులో రాస్తున్నావట, అది వెంటనే మానెయ్. జర్మనీలో హెచ్ అండ్ ఎం బట్టల కంపెనీకి, సెలవు నుంచి తిరిగొచ్చినవాళ్ల రోగాలు, ఇంటి గొడవలు రాసిపెట్టుకున్నందుకు 2020లో 3.5 కోట్ల యూరోల పైనే జరిమానా పడింది.

ఏది రికార్డవుతుందో, ఎందుకో, ఎవరు చూస్తారో, ఎన్నాళ్లకి చెరిగిపోతుందో ఒడియాలో, తెలుగులో రాసి గోడకి అంటించు. చదువురానివాళ్లకి చదివి వినిపించు. పాస్‌వర్డ్ నీ ఒక్కడి దగ్గరే ఉండాలి. కోడలు ఇంట్లోంచి ఫోన్లో చూస్తూ "ఆ అమ్మాయి ఇందాకట్నుంచీ కూర్చునే ఉంది" అని కొట్టుకి ఫోన్లు చేస్తోందట, తనకి కోపమొచ్చినా సరే అది ఆపించు. ఎవరి వీడియో ముక్కా వాట్సాప్ గ్రూపులోకి పోకూడదు.

కెమెరాలవాడికి అడ్వాన్సు ఇచ్చేశావా? ఇంకా ఇవ్వకపోతే నేను చెప్పిన మూడు చోట్ల కెమెరాలకే ఇవ్వు.

మీ పెదనాన్న,
పర్లాకిమిడి