వాడు చెప్పింది చాలు, మళ్ళీ అడగకండి

ప్రశ్న: మా బాబుకు 11 ఏళ్ళు. భక్తి, క్రమశిక్షణ అలవడతాయని రెండేళ్ళ కిందట ఒక మతసంస్థ నడిపే ఆశ్రమ పాఠశాలలో చేర్చాం. ఈసారి సెలవులకు వచ్చినప్పటి నుంచి రాత్రి లైటు ఆర్పనివ్వడం లేదు, పక్క తడుపుతున్నాడు. అక్కడి ఉపాధ్యాయుడొకరు గదికి పిలిపించుకుని ఒంటిమీద చేతులు వేసేవారట. ఎవరికైనా చెబితే దేవుడు అమ్మకు కీడు చేస్తాడని బెదిరించారట. మావారు నమ్మడం లేదు. అక్కడ చదవడం ఇష్టం లేక కల్పించి చెబుతున్నాడంటారు. మళ్ళీ మళ్ళీ అడిగితే బాబు కూడా మాట మారుస్తున్నాడు. యాజమాన్యం ఫీజు మొత్తం తిరిగి ఇస్తామని, ఫిర్యాదు చేయబోమని కాగితం రాసివ్వమని అంటోంది. ఏం చేయాలి?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. చెబితే అమ్మకు కీడు జరుగుతుందని ఆ పసివాణ్ణి నమ్మించారు. ఇన్నాళ్ళూ వాడు నోరు మూసుకున్నది మిమ్మల్ని కాపాడుకోవడానికి. అంత భయాన్ని దాటి మీ దగ్గర బయటపడ్డాడు. ఈ రాత్రి వాడి పక్కన కూర్చుని, "నువ్వు చెప్పినా నాకేమీ కాలేదు చూడు. తప్పు నీది కాదు. నిన్ను మళ్ళీ అక్కడికి పంపను" అనండి. అంతటితో ప్రశ్నలు ఆపేయండి.

పిల్లలు ఇలాంటివి ఒక్కసారిగా, వరసగా చెప్పలేరు. కొంచెం చెప్పి, పెద్దవాళ్ళ ముఖం చూసి, వెనక్కి తగ్గుతారు. నాన్న కోపంగా ఉంటే జరగలేదనేస్తారు. మాట మారిందంటే అబద్ధమని అర్థం కాదు. మొదటిసారి వాడు అన్న మాటలను వాడి మాటల్లోనే, తేదీతో సహా ఒక కాగితం మీద రాసి దాచండి. ఆ ఉపాధ్యాయుడికి ఫోను చేసి నిలదీయకండి.

మీవారి మీద నాకు కోపం లేదు. తాను నమ్మిన చోటికి బిడ్డను చేయిపట్టి తీసుకెళ్ళి అప్పగించిన తండ్రి ఆయన. బిడ్డ మాట నమ్మితే, తన చేతులతోనే పంపానన్న బాధ మోయాలి. ఆయనతో ఒక సంగతి చెప్పండి. అమెరికాలో హరేకృష్ణ ఉద్యమం నడిపిన గురుకులాల్లో పెరిగినవారు, తమ మీద జరిగిన అఘాయిత్యాలకు పెద్దవాళ్ళయ్యాక 2000లో డాలస్‌లో దావా వేశారు. వాళ్ళను అక్కడ చేర్చిన తల్లిదండ్రులు భక్తులే. ఐర్లండ్‌లో కాథలిక్ సంఘాలు నడిపిన సంస్థల మీద విచారణ జరిపి 2009లో ఇచ్చిన నివేదిక, పిల్లల కన్నా సంస్థల పేరు కాపాడుకోవడానికే పాకులాడారని చెప్పింది. ఏ మతానికీ ఇందులో మినహాయింపు లేదు. ఫిర్యాదు ఒక మనిషి మీద, దాన్ని దాచినవారి మీద. మీ దేవుడి మీద కాదు.

యాజమాన్యం అడిగిన కాగితం మీద సంతకం పెట్టకండి. ఇది డబ్బుతో సర్దుకునే తగాదా కాదు. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడి మీద పెట్టిన ఇలాంటి కేసును, బాలిక తండ్రితో రాజీ కుదిరిందని హైకోర్టు కొట్టివేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దుచేసింది. పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం అబ్బాయిలకూ వర్తిస్తుంది. తెలిసి కూడా చెప్పకపోవడం ఆ చట్టం కింద నేరం. సంస్థ బాధ్యులే తమ కిందివారి నేరాన్ని దాచితే ఏడాది వరకు జైలు. విద్యాసంస్థ, మతసంస్థ సిబ్బందే ఈ పని చేస్తే శిక్ష మరింత పెరుగుతుంది. నష్టపరిహారం ఇప్పించే అధికారం ప్రత్యేక కోర్టుకు ఉంది. దానికి యాజమాన్యం దయ అక్కర్లేదు.

పోలీసు స్టేషను మెట్లెక్కాలంటే మీకు భయంగా ఉంటుంది. పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయండి. లేదా సైఫాబాద్‌లోని భరోసా కేంద్రానికి వెళ్ళండి. హైదరాబాద్ పోలీసులు 2016లో మొదలుపెట్టిన ఈ కేంద్రంలో కౌన్సెలింగు, వాంగ్మూలం, న్యాయసహాయం ఒకేచోట దొరుకుతాయి. పాఠశాల వేరే జిల్లాలో ఉన్నా, ఇక్కడే జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించవచ్చు. బాబు వాంగ్మూలాన్ని మీ ఇంట్లోనే తీసుకోమని అడగవచ్చు. తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. వాడి పేరు, ఫొటో, బడి పేరు పత్రికలు బయటపెట్టకూడదు. కోర్టులో నిందితుడి ఎదుట నిలబెట్టరు. భవిష్యత్తు గురించి మీరు పడుతున్న బెంగలో సగం దీనితో తీరాలి.

మిగతా సగానికి కాలం పడుతుంది. పక్క తడిపినందుకు ఒక్క మాటా అనకండి, దుప్పటి మార్చి పడుకోబెట్టండి. పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి ఈ వారమే తీసుకెళ్ళండి. మీవారు రానంటే మీ అన్నయ్యనో, అక్కనో తోడు తీసుకోండి, కానీ ఆయన మనసు మారేదాకా ఆగకండి. లైటు వాడు ఆర్పమనేదాకా వెలగనివ్వండి.