వరండా లోతు కొలిచిన అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. మార్కులు బాగానే వస్తాయి. మొన్న వేసవిలో అట్లాంటా దగ్గర ఉండే మా చెల్లెలి ఇంటికి పంపాం. వాళ్లు అక్కడ ఎకరం స్థలంలో ‘సదరన్ రస్టిక్’ అని అమెరికా దక్షిణాది పాతకాలపు పల్లె పద్ధతిలో ఇల్లు కట్టించుకుంటున్నారు. వచ్చిన దగ్గర్నుంచి ఇంటీరియర్ డిజైన్ చదువుతానంటోంది, అదీ అమెరికాలోనే. రంగులు, కర్టెన్ల పనికి అంత చదువెందుకు? సీఎస్‌ఈకీ దీనికీ తేడా చెప్పి నచ్చజెప్పగలరు. పుస్తకాలు పక్కన పెట్టి ఏం గీస్తోందో చూడండని ఒక పేజీ ఫొటో పంపుతున్నాను. ఆ నోట్‌బుక్ తీసి దాచేశాను.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఫొటో చూశానండీ. రెండుసార్లు చూశాను. పేజీ పైభాగంలో ఇంటి ముందు వరండా. లోతు 8 అడుగులు అని వేసి, ‘ఊగే కుర్చీలు వేసినా మనిషి నడవొచ్చు’ అని పక్కన రాసుకుంది. కింద గోడ: నిలువు చెక్కలు, రెండు చెక్కల మధ్య సందు మీద సన్నటి బద్ద. ‘బద్దకు కొట్టే మేకు సందులోంచి పోవాలి, చెక్కలకు తగలకూడదు. తేమకు చెక్క ఉబ్బుతుంది’ అని ఉంది. ఇది ఫోన్‌లో చూసి గీసింది కాదు. పని చేస్తున్న వడ్రంగి పక్కన నిలబడి అడిగి తెలుసుకున్నది. వరండా కప్పుకు లేత నీలం రంగు వేసి, దాని పక్కన పెద్ద ప్రశ్న గుర్తు పెట్టింది.

ఇంటీరియర్ డిజైన్ అంటూ నా దగ్గరికి ఏటా చాలామంది పిల్లలు వస్తారు. దాదాపు అందరూ ఫోన్ తీసి అందమైన గదుల ఫొటోలు చూపిస్తారు. కొలతలు చూపించినవాళ్లు నాకు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

మీరు ‘రంగులు, కర్టెన్ల పని’ అన్నారు. కోపం తెచ్చుకోకండి, అది తెలియక అన్న మాట. అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్రం, పక్కనున్న అలబామా వైపు ఎండా ఉక్కా మన కోస్తాకు తీసిపోవు. ఏసీలు రాకముందు అక్కడివాళ్లు గాలి కోసం ఇల్లు కట్టుకున్నారు. ఇటో గది, అటో గది, నడుమ రెండువైపులా తెరిచిన నడవ, అన్నిటికీ కలిపి ఒకే కప్పు. దాన్ని డాగ్‌ట్రాట్ ఇల్లు అంటారు. చెమ్మ, చెదలు తగలకుండా ఇటుక దిమ్మెల మీద ఇంటిని ఎత్తి కట్టేవారు. ఎత్తైన కప్పులు, లోతైన వరండాలు గాలికీ నీడకీ వచ్చినవే. మీ చెల్లెలి ఇంట్లో ‘డెకరేషన్’లా కనిపిస్తున్నవాటిలో సగం ఒకప్పుడు అవసరాలు. ఏది అవసరం, ఏది అలంకారం అని విడదీయగలిగినవాళ్లే డిజైనర్లు. మీ అమ్మాయి ఆ మేకు దగ్గర ఆగిందంటే సరైన చోటే ఆగింది.

ఇప్పుడు నా భయాలు చెబుతాను, వీటిని పాపకు కూడా చదివి వినిపించండి.

మొదటిది అమెరికా. ఇంటర్ అవగానే అప్పు చేసి అక్కడ ఇంటీరియర్ డిజైన్ డిగ్రీకి పంపడం నాకు అసలు ఇష్టం లేదు. అక్కడ సీఎస్‌ఈ చదివిన మన పిల్లలకు అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సు కాబట్టి ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసుకునే అనుమతి, మూడేళ్ల దాకా ఉంటుంది. ఇంటీరియర్ డిజైన్ ఆ జాబితాలో లేదు, 12 నెలలతో సరి. అక్కడ ఈ వృత్తిలో గుర్తింపు తెచ్చే ఎన్‌సీఐడీక్యూ పరీక్షకు డిగ్రీతోపాటు 3,520 గంటల పని అనుభవం అడుగుతారు. అంటే ఫుల్‌టైమ్ చేస్తే ఏడాదిన్నర పైనే. ఆ గంటల్లో కొన్ని చదువుతూనే పూర్తి చేసుకోవచ్చు గానీ, వీసా గడియారం, అప్పు వడ్డీ నెత్తిన పెట్టుకుని ఆ లెక్క పూర్తి చేయడం పద్దెనిమిదేళ్ల పిల్లకు ఎంత టెన్షనో ఆలోచించండి. ‘పంపించేయండి, తర్వాత చూసుకోవచ్చు’ అనే ఏజెంట్లు ఈ సంగతి చెప్పరు.

రెండోది ఫ్యాషన్. రస్టిక్ అంటే ఇప్పుడు మోజు. ఆ మోజు ఎన్నాళ్లుంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా అది పేదరికంలా కనిపిస్తుంది గానీ చవక కాదు. ఆ ఇళ్లలో నేలకు వేసే హార్ట్‌పైన్ అనే ఎర్రటి కలప లాంగ్‌లీఫ్ జాతి పైన్‌ది. ఒకప్పుడు అమెరికా దక్షిణాదిలో ఆ అడవులు సుమారు 9 కోట్ల ఎకరాల్లో ఉండేవి, నరికి నరికి చాలా కొద్దిగా మిగిల్చారు. అందుకే కూల్చేసిన పాత మిల్లులు, కొట్టాల నుంచి ఆ చెక్కలు తీసి ఖరీదుగా అమ్ముతారు. ఒక్క స్టైల్‌ను నమ్ముకుని కెరీర్ కట్టుకోవద్దని పాపకు నా మాటగా చెప్పండి. ఆ ఇల్లు పాపలో ఆసక్తి పుట్టించింది, మంచిదే. జీవితమంతా అలాంటి ఇళ్లే దొరకవు.

మూడోది మన దగ్గరి ఆరు నెలల డిప్లొమాలు. కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మలు చేయడం నేర్పి వదిలేస్తారు. మన దేశంలో ఇంటీరియర్ డిజైనర్ అని బోర్డు పెట్టుకోవడానికి ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. ఆర్కిటెక్ట్ అనే పేరుకు మాత్రం 1972 చట్టం రక్షణ ఉంది. అందుకే నా సలహా బీఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ. అయిదేళ్లు, కష్టమైన చదువు, నిద్ర తక్కువ. కానీ గోడ ఎలా నిలబడుతుందో తెలిసినవాళ్లు లోపల ఏదైనా చేయగలరు. పాపది ఎంపీసీయే కనుక దారి మూసుకుపోలేదు. విజయవాడలోనే ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉంది, హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది. అయిదేళ్ల తర్వాత కూడా ఆ దక్షిణాది ఇళ్లే కావాలంటే అప్పుడు మాస్టర్స్‌కు వెళ్లొచ్చు. అలబామాలో ఆబర్న్ యూనివర్సిటీవాళ్లు 1993 నుంచి రూరల్ స్టూడియో నడుపుతున్నారు. విద్యార్థులే పేద కుటుంబాలకు ఇళ్లు గీసి, చేతులతో కట్టి ఇస్తారు. 20 వేల డాలర్ల ఇల్లు అంటూ 2005లో మొదలుపెట్టినవాటికీ ముందు వరండా వదల్లేదు. పాపను దాని గురించి చదవమనండి.

పోలిక అడిగారు కాబట్టి: 2023 ప్రభుత్వ లెక్కల్లో అమెరికాలో ఇంటీరియర్ డిజైనర్ల మధ్యస్థ వార్షిక జీతం 62 వేల డాలర్ల పైచిలుకు, సాఫ్ట్‌వేర్ డెవలపర్లది అంతకు రెట్టింపు. దాచను. ఇక్కడ కూడా మొదటి నాలుగైదేళ్లు ఆర్కిటెక్ట్ జీతం చూసి బంధువులు నాలుగు మాటలంటారు.

మీ ఉత్తరంలో అసలు భయం అదే అనుకుంటున్నాను. పిల్ల తన కాళ్ల మీద నిలబడుతుందా, మన తర్వాత ఇబ్బంది పడుతుందా అని. తండ్రిగా ఆ భయం తప్పు కాదు. కానీ మార్కులు తెచ్చుకునే పిల్ల, తెలియని దేశంలో తెలియని వడ్రంగిని ప్రశ్నలు అడిగిన పిల్ల, ఎక్కడున్నా అన్నం సంపాదించుకుంటుందండీ. ఇష్టం లేని సీఎస్‌ఈలో చేర్పించి, బ్యాక్‌లాగ్‌లతో కుంగిపోయిన పిల్లలతో నేను రోజూ మాట్లాడుతున్నాను. ఆ తల్లిదండ్రులు కూడా ‘దాని మంచికే’ అన్నవాళ్లే. నోట్‌బుక్ దాచడం మాత్రం మీరు చేసిన పెద్ద తప్పు.

పరీక్షలవగానే తెలిసిన బిల్డర్ దగ్గర నెల రోజులు సైట్‌కు పంపండి. సిమెంటు దుమ్ము, ఎండ, మేస్త్రీ అలక, చెప్పిన తేదీకి రాని టైల్స్ అన్నీ చూడనివ్వండి. తర్వాత కూడా ఇదే అంటే ఇక అడ్డుపడకండి. మీ చెల్లెలిని ఆ ఇంటి ప్లాన్లు పంపమని అడగండి, పాప చదువుకుంటుంది.

నోట్‌బుక్ ఈ రోజే ఇచ్చేయండి. ఆ నీలం రంగు సంగతి మీరే చెప్పండి. జార్జియా, సౌత్ కరోలినా తీరాల్లో గల్లా గీచీ ప్రజలు ఉన్నారు, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి. లేత నీలం వేస్తే దయ్యాలు దాన్ని నీళ్లనుకుని దాటి రావని వాళ్ల నమ్మకం. ఆ ప్రశ్న గుర్తు పక్కన ఈ మాట మీ చేత్తో రాసి ఇచ్చినా బాగుంటుంది.