స్నాప్‌షాట్ రిస్టోర్ అయ్యాక గెస్ట్ లేస్తోంది, స్లీప్ మాత్రం తిరిగి రావట్లేదా? వరుస చూడండి

సేవ్ చేసిన స్నాప్‌షాట్ నుంచి గెస్ట్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను, తిరిగి లేపాక రిజిస్టర్లన్నీ సేవ్ చేసినప్పటి విలువలతోనే ఉన్నాయి, ఏ ఐఓసీటీఎల్ (కెర్నల్‌కి చేసే కాల్) కూడా ఎర్రర్ ఇవ్వలేదు, అయినా ఒక సెకను ఆగే స్లీప్ 1 కమాండ్ కొడితే ప్రాంప్ట్ తిరిగి రావట్లేదు అని మీరు అడిగారు. అయితే విలువల జోలికి పోకండి, వాటిని ఏ వరుసలో పెడుతున్నారో చూడండి. కేవీఎం (లైనక్స్ కెర్నల్‌లోని వర్చువలైజేషన్ భాగం) మీద సొంత వీఎంఎం (వర్చువల్ మెషీన్‌ని నడిపే ప్రోగ్రామ్) రాస్తున్నప్పుడు నాకూ ఇదే తగిలింది. నాలుగు వీసీపీయూల (వర్చువల్ సీపీయూల) గెస్ట్, ప్రాక్ కింద ఉండే ఇంటరప్ట్స్ ఫైల్ మళ్ళీ మళ్ళీ తెరిచి చూస్తే ఎల్ఓసీ (ఒక్కో సీపీయూకి వచ్చిన లోకల్ టైమర్ ఇంటరప్ట్‌ల లెక్క) లైన్‌లో మూడు అంకెలు పెరుగుతున్నాయి, నాలుగోది అలాగే ఉండిపోయింది. అంటే ఆ ఒక్క సీపీయూకి టైమర్ ఇంటరప్ట్ రావట్లేదన్నమాట.

దీనికి మూలం టీఎస్‌సీ డెడ్‌లైన్ ఎంఎస్ఆర్, దాని నంబర్ హెక్స్‌లో 6ఈ0. ఎంఎస్ఆర్ అంటే సీపీయూలోని ఒక ప్రత్యేక రిజిస్టర్; సీపీయూ టిక్‌లు లెక్కపెట్టే టీఎస్‌సీ ఇందులోని విలువకు చేరగానే టైమర్ ఇంటరప్ట్ వస్తుంది. మీరు దాన్ని రాసే సమయానికి లోకల్ ఏపిక్ (ఆ సీపీయూకి ఇంటరప్ట్‌లు అందించే భాగం) ఇంకా టీఎస్‌సీ డెడ్‌లైన్ మోడ్‌లోకి రాకపోతే కేవీఎం ఆ విలువను చప్పుడు చేయకుండా పారేసి, పని అయిపోయిందనే చెబుతుంది (నన్నడిగితే ఎర్రర్ ఇచ్చి ఉంటే అందరికీ సుఖం). కాబట్టి సీపీయూఐడీ (సీపీయూ ఫీచర్ల జాబితా) పెట్టాక ఎస్‌రెగ్స్ (సెగ్మెంట్, కంట్రోల్ వంటి ప్రత్యేక రిజిస్టర్లు), ఎందుకంటే ఏపిక్ బేస్ అందులో ఉంటుంది, దాని తర్వాత లోకల్ ఏపిక్, ఆ తర్వాతే ఎంఎస్ఆర్‌లు. ఎంఎస్ఆర్‌లలో కూడా టీఎస్‌సీ ముందు, డెడ్‌లైన్ చివర. సేవ్ చేసేటప్పుడే డెడ్‌లైన్ 0 అని వచ్చిందనుకోండి, ఫైర్‌క్రాకర్ (కేవీఎం మీద నడిచే ఓపెన్ సోర్స్ వీఎంఎం) వాళ్ళు దాని బదులు టీఎస్‌సీ విలువే పెట్టేస్తారు. గెస్ట్ లేవగానే ఒక ఇంటరప్ట్ అదనంగా వస్తే వస్తుంది, నష్టమేమీ లేదు, అసలు రాకపోతేనే గోల.

మామూలు రెగ్స్ పెట్టినప్పుడు పెండింగ్ ఎక్సెప్షన్లు చెరిగిపోతాయి, అందుకని వీసీపీయూ ఈవెంట్స్ (పెండింగ్ ఎక్సెప్షన్లు, ఇంటరప్ట్‌ల స్థితి) ఎప్పుడూ వాటి తర్వాతే. సేవ్ వైపు అన్ని వీసీపీయూలనూ ఆపి, ముందు ఎంపీ స్టేట్ (వీసీపీయూ నడుస్తోందా, ఆగి ఉందా అన్న స్థితి) తీసుకోండి, ఆ కాల్ ఏపిక్ స్థితిని మార్చే అవకాశం ఉంది. ఇంకోటి, వీసీపీయూ ఏదైనా ఐఓ లేదా ఎంఎంఐఓ ఎగ్జిట్ దగ్గర (డివైస్‌ను చదవడానికో రాయడానికో గెస్ట్ ఆగి పని వీఎంఎంకి అప్పగించిన చోట) ఆగి ఉంటే ఆ ఇన్‌స్ట్రక్షన్ ఇంకా పూర్తి కానట్టే లెక్క, పోర్టు నుంచి చదివిన విలువ రిజిస్టర్‌లోకి చేరి ఉండదు. ఇమ్మీడియట్ ఎగ్జిట్ ఫ్లాగ్‌ను 1 చేసి కేవీఎం రన్ ఒకసారి పిలిస్తే, గెస్ట్ కోడ్ ముందుకు కదలకుండానే ఆ పని పూర్తవుతుంది. రిజిస్టర్లు ఆ తర్వాత చదవాలి.

చాలామంది గమనించనిది ఇంకోటుంది. సెట్ ఎంఎస్ఆర్స్ (ఎంఎస్ఆర్‌లు పెట్టే ఐఓసీటీఎల్) విజయవంతమైతే 0 ఇవ్వదు, ఎన్ని ఎంఎస్ఆర్‌లు పెట్టగలిగిందో ఆ లెక్క ఇస్తుంది. మధ్యలో ఒకటి కుదరకపోతే అక్కడే ఆగిపోతుంది, మిగతావాటిని ముట్టుకోదు. మీ కోడ్ మైనస్ వచ్చిందా అని మాత్రమే చూస్తుంటే అది ఎర్రర్ లేనట్టే కనిపిస్తుంది.

ఈ వరుస ఎందుకిలా ఉండాలో ఫైర్‌క్రాకర్ సోర్స్‌లో ఎక్స్86 వీసీపీయూ ఫైల్ కామెంట్లలో రాసి పెట్టారు, మీ ఫంక్షన్ పక్కన పెట్టుకుని చదవండి. అప్పటికీ ఆగిపోతుంటే సెట్ ఎంఎస్ఆర్స్ ఇచ్చిన అంకె, మీ రిస్టోర్ ఫంక్షన్ ఇక్కడ పెట్టండి, చూద్దాం.